ఎర్ర మాత్రకు ఇద్దరు సాక్షులు

తెనాలిలో హార్మోనియాలు బాగుచేసే ఆయన దుకాణం ఒక మేడ మెట్ల కింద ఉంటుంది. పోయిన వారం మా రామాలయం హార్మోనియాన్ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని నేనే అక్కడికి తీసుకెళ్ళాను. తిత్తి చిల్లుపడి, ఏ మెట్టు నొక్కినా నిద్ర చెడిన పిల్లిలా మూలుగుతోంది. ఆయన వెనక చెక్క విప్పి, తిత్తి బయటికి లాగి, పెట్టెను తిరగేసి పాత పేపరు మీద రెండుసార్లు తట్టాడు. ఎండిన తులసాకులు, ఒక పిన్నీసు, బొద్దింక రెక్కలు, కాస్త తెల్లటి పొడి, వాటితో పాటు దుమ్ము పట్టిన ఎర్ర గొట్టం మాత్రలు దొర్లాయి. “ఇదేంటమ్మా, మనుషులకన్నా ముందే ఇది మందులు మింగిందా?” అన్నాడు. నేను నవ్వేశాను. వాటిని అందులో వేసిన చెయ్యి నాదే. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. రామాలయం మండపంలో, మూలవిరాట్టుకు ఎదురుగా, రాముడు చూస్తుండగానే వేశాను. ఇన్నేళ్ళుగా ఆ ఊళ్ళో పిల్లలకు భజన నేర్పుతూ, అబద్ధం ఆడకూడదని వాళ్ళకు చెబుతూ, ఆ అబద్ధం మీదే చేతులు ఆన్చి వాయిస్తున్నాను.

మాది మిరప ఊరు. పల్నాటి వైపు వెళ్ళే దారిలో, నల్లరేగడి మీద సగం పత్తి, సగం మిరప. మాఘమాసం వచ్చేసరికి కల్లాలన్నీ ఎర్రగా పరుచుకునేవి. మా ఇంట్లో తెల్లవారగానే వచ్చే మొదటి వాసన కాఫీది కాదు, వసారాలో నిలబెట్టిన మిరప టిక్కీలది. గోనెసంచి నార వాసన, దాని వెనకే ముక్కులో గుచ్చుకునే కారం. మా నాయనమ్మ ఆ ఘాటులోనే దీపం పెట్టి, ఆ ఘాటులోనే నామాలు చదివి, మధ్యలో తుమ్మొస్తే రాముడికి క్షమాపణ చెప్పి మళ్ళీ మొదలుపెట్టేది. మా ఊళ్ళో దగ్గు జబ్బు కాదు, రుతువు. పంచాంగంలో శిశిరం అని రాస్తారు, మేం దగ్గుతాం. భజనలో కూడా అంతే. మా గురువుగారు వెంకటప్పయ్యగారికి చరణం చివర ఒక దగ్గు వచ్చేది. తబలా ఆయన దానికి ఒక దెబ్బ ఖాళీ వదిలేవాడు. మేం పిల్లలం పాట నేర్చుకున్నప్పుడు ఆ దగ్గు కూడా నేర్చుకుని, సరిగ్గా అక్కడ అందరం కలిసి దగ్గేవాళ్ళం. గురువుగారు కోప్పడేవారు కాదు. తాళం తప్పితేనే ఆయనకు కోపం. ఆయనకు మూడెకరాల పత్తి ఉంది, తోడుగా ఒక గేదె. రామకథ ఎక్కడినుంచి అడిగినా ఆపకుండా చెప్పేవారు. నాకు అక్షరాలకన్నా ముందు ఆయన శ్లోకాలే నోటికొచ్చాయి.

ప్రతి శనివారం భజన అయ్యాక పిల్లలందరూ వరుసగా వంగి గురువుగారి పాదాలు ముట్టుకోవాలి, అప్పుడే ప్రసాదం. ఆ ఏడు నేను వంగడం మానేశాను. నిలబడి చేతులు జోడించి, దోసిలి పట్టేదాన్ని.

“ఏమే జానకీ, వంగితే నీ కిరీటం కిందపడుద్దా?” అన్నారు గురువుగారు.

“కాదండి, నడుం నొప్పండి.”

“ఎనిమిదేళ్ళకి నడుం నొప్పేంటే. అది పొగరు నొప్పి. వంగినోళ్ళకే చక్కెర పొంగలి.”

చక్కెర పొంగలి అంటే నాకు ప్రాణం. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. వీపు కర్రలా నిలబెట్టుకుని, మోకాళ్ళ మీద చేతులేసి, కప్పలా నిటారుగా కిందికి కూర్చుని పాదాలు ముట్టుకోవడం. లేవాలంటే తొడల మీద చేతులతో మెట్టు మెట్టుగా ఎక్కి రావాలి. మిగతా పిల్లలకు ఇది తెగ నచ్చింది. దానికి ‘జానకి దణ్ణం’ అని పేరు పెట్టి, మరుసటి శనివారం అందరూ అలాగే కప్పల్లా కూర్చున్నారు. గురువుగారు ఆ రోజు పొంగలి ఎవరికీ పెట్టలేదు. ఊరంతా నన్ను పొగరుబోతు కింద జమకట్టింది. నిజం చెప్పొద్దూ, ఆ పేరు నాకు కాస్త గర్వంగానే ఉండేది. నొప్పి అని చెబితే ఎవరూ నమ్మరు, పొగరంటే అందరూ నమ్ముతారు. నాయనమ్మ మాత్రం నేను నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తున్నానని దిష్టి తీసింది, వీపుకు మినప్పిండి పట్టు వేసింది, వేడిచేసిందని మజ్జిగ తాగించింది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతుంటే అది కూడా మిరప వేడే అన్నారు. చివరికి నేను బడి మెట్లు ఎక్కలేక కూలబడితే నాన్న గుంటూరులో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, నాయనమ్మ కూడా వచ్చింది.

ఆ డాక్టరుగారు నన్ను చూడకుండానే తన పెన్ను మూత కింద పడేశారు. “కాస్త తీసివ్వమ్మా” అన్నారు. నేను జానకి దణ్ణం పెట్టి తీసిచ్చాను. ఆయన మళ్ళీ పడేశారు. మళ్ళీ తీశాను. పెద్దాయన చేతులు వణుకుతున్నాయేమో అనుకున్నాను.

“అది పొగరండీ, ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరికీ వంగదు” అంది నాయనమ్మ, నన్ను వెనకేసుకొస్తున్నానన్న ధీమాతో.

“పొగరు కాదమ్మా, తెలివి. వెన్ను వంగితే నొప్పని వంగకుండా కాపాడుకుంటోంది.” ఆయన నా వీపు మీద పైనుంచి ఒక్కొక్క ఎముకా తట్టుకుంటూ వచ్చి ఒకచోట ఆగారు. అక్కడ నేను వేసిన కేకకు బయట బెంచీ మీద వాళ్ళు లేచి నిలబడ్డారని నాన్న తర్వాత చెప్పాడు. ఫిల్ము తీశారు, రక్తం తీశారు. వెన్నెముకకు క్షయ అన్నారు. పిల్లల్లో ఇది దగ్గుతో రాదట, ఊపిరితిత్తుల నుంచి రక్తంలో పడి పోయి ఎముకలో కాపురం పెడుతుందట. మందు మానకుండా వాడితే తగ్గుతుంది. వాడకపోతే రెండు ఎముకలు కూలి వీపు గూని తిరుగుతుంది, కాళ్ళు కూడా పడిపోవచ్చు. రామకథ విన్న పిల్లకు గూని అంటే ఎవరు గుర్తొస్తారో చెప్పనక్కర్లేదు. ప్రతి ఏడూ భజనలో సీత వేషం నాది. కాళ్ళ మాట నాకు అర్థం కాలేదు గానీ, వేషం మారిపోతుందేమోనని అక్కడే ఏడ్చాను.

“ఇంట్లో దగ్గేవాళ్ళెవరు?” అని అడిగారు డాక్టరుగారు.

“మిర్చి ఊరండీ మాది. దగ్గనోడెవడు?” అంది నాయనమ్మ.

డాక్టరుగారు ప్రశ్న మార్చారు. “మిరపకాయలు లేనప్పుడు కూడా దగ్గేదెవరు?”

పెద్దవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఊళ్ళో ఆ ప్రశ్న ఎవరూ ఎవరినీ అడిగి ఉండరు. నాకు మాత్రం జవాబు తెలుసు, ఎందుకంటే ఆ దగ్గును తాళంతో సహా నేర్చుకున్నదాన్ని నేను.

“గురువుగారండి,” అన్నాను. “దసరాక్కూడా.”

ఊరికొచ్చే నర్సు సుగుణమ్మగారు గురువుగారి కళ్ళె పరీక్షకు పంపించింది. క్షయే. అదే నా వెన్నులోకి వచ్చిందా అంటే, అయ్యుండొచ్చు అన్నారంతే, ఆయన ఒళ్ళో కూర్చుని ఏళ్ళ తరబడి శ్లోకాలు నేర్చుకున్న పిల్లను కదా. ఆ రోజుల్లో క్షయ అంటే ఆ ఇంటి నీళ్ళు తాగరు. ఆయన చేతి ప్రసాదం ఊళ్ళో ఎవరూ తీసుకోరు. సుగుణమ్మగారే దారి చూపించింది. ప్రభుత్వం మాత్రలు, పూటకు ఒక ఎర్రది, కొన్ని తెల్లవి, వారానికి మూడుసార్లు, సోమ బుధ శుక్రవారాలు, బయటివాళ్ళెవరో ఒకరు సాక్షిగా ఎదురుగా కూర్చుని మింగించాలి. జానకికి సాక్షి గురువుగారని ఊరికి చెప్పారు. గురువుగారికి సాక్షి జానకి అని మాత్రం చెప్పలేదు. కొన్ని వారాలు పాటలు, మాటలు వద్దని సుగుణమ్మగారు అంటే, ఆయన లోకకల్యాణం కోసం మౌనవ్రతం పట్టానని పలక మీద రాసి చూపించారు. ఊరు ఆయన భక్తికి పొంగిపోయింది. పక్క ఊరి నుంచి కూడా వచ్చి, మాట్లాడని ఆయన పాదాలకు దణ్ణం పెట్టి వెళ్ళారు. సుగుణమ్మగారు గుడి బయట నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకునేది.

నాకు చంకల దగ్గర్నుంచి నడుం దాకా పిండికట్టు వేశారు. వేసవిలో గుంటూరు జిల్లాలో పిండికట్టు అంటే ఏమిటో అది వేసుకున్నవాళ్ళకే తెలుస్తుంది. లోపల దురద పుడితే చీపురుపుల్ల. ఒకరోజు కల్లం పక్కనుంచి గాలి లేచి కారం దుమ్ము మెడ దగ్గరి సందులోంచి లోపలికి పోయింది. నేను ఊరంతా వినేలా రామనామం చేశాను. నాయనమ్మ సందులోంచి విసనకర్రతో గంటసేపు విసిరింది. కానీ ఆ కట్టు వల్ల లాభాలు కూడా ఉన్నాయి. ముందుభాగంలో ఒక గుప్పెడు శనగపప్పు పట్టేది. ఎవరైనా నన్ను కొడితే వాళ్ళ చెయ్యే వాచేది. పైగా ఆ ఏడు పొగరుబోతు అన్న మాట ఎవరూ అనలేదు, నాకు కాస్త వెలితిగా ఉండేది.

మాత్రల రోజున పొద్దున్నే మండపంలో, గాలి ఆడే చోట, హార్మోనియానికి అటు ఆయన, ఇటు నేను. ఆయన తువ్వాలు మూతికి కట్టుకుని, ఊరికి లేని మాటలు నాతో మాట్లాడేవారు. ముందు నా వంతు. “నోరు తెరువు. నాలుక ఎత్తు. ఊఁ.” తర్వాత సాక్షి వంతు నాది, ఆ వంతు కోసమే నేను వచ్చేదాన్ని. “మీరు తెరవండి గురువుగారూ. ఇంకా పెద్దగా. నాలుక ఎత్తండి.” తాళం తప్పితే చెవి మెలిపెట్టే మనిషి నోట్లోకి తొంగి చూడటం ఎంత బాగుండేదో. ఆయనకు కుడివైపు రెండు దవడ పళ్ళు లేవని ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు. ఆ తర్వాత, “కళ్ళు మూసుకుని పదకొండుసార్లు రామనామం అను” అనేవారు. అంతటితో పని పూర్తి. మొదటివారం మూత్రం కుంకుమ నీళ్ళలా వస్తే నేను దేవుడి మహిమ అనుకుని బడిలో అందరికీ చెప్పాను. గురువుగారికీ అదే మహిమ కలిగింది. ఆయన మాత్రం మిరప వేడనుకుని మూడు రోజులు మజ్జిగన్నం తప్ప ముట్టలేదు. అది ఎర్ర మాత్ర రంగేనని సుగుణమ్మగారు తర్వాత చెబితే, “ముందే చెప్పొద్దటమ్మా” అని తువ్వాలు లోపల గొణిగారు.

ఇక నా పాపం సంగతి. మా ఇంట్లో ఏకాదశి గట్టిగా పాటిస్తారు. పిల్లలకు పాలూ పండూ ఇస్తారు గానీ, నేను అవి కూడా మానేసి, గుడి పిల్లల్లో అసలైన ఉపవాసం నాదేనని చెప్పుకునేదాన్ని. మందు మొదలుపెట్టిన మూడు నెలల్లో మూడు ఏకాదశులు మాత్రల రోజున పడ్డాయి. మాత్ర మింగితే ఉపవాసం పోతుంది. మింగకపోతే డాక్టరుగారి మాట పోతుంది. రెంటినీ నిలబెట్టడానికి ఎనిమిదేళ్ళ పిల్లకు తోచిన ధర్మం ఏమిటంటే, మింగినట్టు కనబడటం. గురువుగారు నాలుక కిందే చూస్తారు, బుగ్గలో చూడరు. ఆ చేదు చెవుల దాకా పాకేది. రామనామం అయ్యాక ఆయన దీపం వత్తి సర్దడానికి అటు తిరగ్గానే, హార్మోనియం వెనక చెక్కకు ఎలుక కొరికిన కంతలో వేసేదాన్ని. మూడుసార్లు వేశాను. రెండో ఏకాదశికీ మూడోదానికీ మధ్య గురువుగారు హఠాత్తుగా అమరావతి వెళ్ళొచ్చారు. పత్తి తీతల్లో పక్క ఊరికి కూడా కదలని మనిషి, మౌనవ్రతంలో ఉండి, పలక చంకన పెట్టుకుని బస్సెక్కారు. స్వామి దర్శనానికని అందరం అనుకున్నాం. మూడో ఏకాదశి నాడు నన్ను కళ్ళు మూసుకోమనలేదు. మరిచిపోయారనుకున్నాను.

మూడు నెలలు నిండాక మళ్ళీ గుంటూరు. నాన్నతో పాటు సాక్షిగా గురువుగారూ వచ్చారు. అప్పటికి ఆయన దగ్గు తగ్గింది, వ్రతం కూడా ముగిసింది. డాక్టరుగారు కొత్త ఫిల్మును పాతదాని పక్కన పెట్టి చూశారు.

“ఎముక ఫిల్ములో మారడానికి టైము పడుతుంది, అది సరే. కానీ సాయంత్రం జ్వరం ఇంకా ఎందుకొస్తోంది? బరువెందుకు పెరగలేదు? మాత్రలేమన్నా తప్పాయా?”

“ఒక్కటి తప్పలేదండి. నేను సాక్షిని” అన్నారు గురువుగారు.

“అయితే ఆ మందు ఈ పిల్లకు పనిచెయ్యట్లేదేమో. ఇక్కడ చేర్చి మందు మార్చాలి, రోజూ ఇంజెక్షన్లు. వెన్నుకు ఆపరేషన్ కూడా ఆలోచించాల్సి రావచ్చు.”

బల్ల అంచు మీద గురువుగారి వేళ్ళు హార్మోనియం మెట్ల మీద ఆడినట్టు ఆడుతున్నాయి, శబ్దం లేకుండా. అబద్ధపు సాక్ష్యం చెప్పినవాడి ఏడు తరాలు నరకానికి పోతాయని ఆయనే మాకు నేర్పారు. ఇంజెక్షన్ల భయం ఒకవైపు ఉంది గానీ, నా కళ్ళ ముందు ఆయన తాతముత్తాతలు తలపాగాలతో సహా వరుసగా నరకంలోకి దిగుతున్నారు. నా మూడు మాత్రల కోసం.

“మూడు తప్పాయండి,” అన్నాను. “ఏకాదశులు. పారేశాను.”

“ఏకాదశులా?” అన్నారు డాక్టరుగారు.

“ఉపవాసమండి.”

ఆయన పెన్ను కింద పెట్టారు. “మూడింటికే ఎముక కూలిపోదులేమ్మా. కానీ తప్పలేదంటే నేను మందును అనుమానించాలి. తప్పాయంటే నిన్ను అనుమానిస్తే చాలు. అది నయం.” అవే మాత్రలు ఇంకో నెల గట్టిగా వేసి చూద్దామన్నారు. ఇంజెక్షన్ల కాగితం చింపేశారు.

బస్టాండులో నాన్న బస్సు కనుక్కోవడానికి వెళ్తే గురువుగారు నాకు నిమ్మకాయ సోడా ఇప్పించారు. చెవి ఎప్పుడు మెలిపెడతారా అని రెండు చెవులూ సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన మెలిపెట్టలేదు.

“ఉపవాసాన్ని చెడగొట్టనివి ఎనిమిదున్నాయే జానకీ. నీళ్ళు, దుంపలు, పళ్ళు, పాలు, హోమంలో వేసింది, బ్రాహ్మడు కోరింది, గురువు మాట, ఔషధం. శాస్త్రం ఒప్పుకుంది. చివరి రెండూ కలిపి ఇప్పుడు నీకు చెబుతున్నా, మింగు.”

“ముందే చెప్పొచ్చు కదండి.”

గురువుగారు సోడా తాగుతూ రోడ్డు వైపు చూశారు. “చెప్పాల్సింది,” అన్నారు.

ఆ నెలలో జ్వరం పోయింది. ఆయన ఆ తర్వాత నా బుగ్గల్లో కూడా వేలు పెట్టి చూసేవారు, నేనూ అంతే. పిండికట్టు తీసిన తర్వాతి ఏడు శ్రీరామనవమి నాడు, ప్రసాదం వరుసలో నా వంతు వచ్చేసరికి భజన మొత్తం ఆగింది, తబలా ఆయన కూడా మెడ చాచాడు. నేను కప్పలా కూర్చోలేదు. నడుం దగ్గర వంగి పాదాలు ముట్టుకున్నాను. వీపు మధ్యలో ఒక ముడి ఎముక మిగిలింది, ఇప్పటికీ చేతికి తగులుతుంది, దాన్ని గూని అనరు. సీత వేషం నాకే ఇచ్చారు. గురువుగారు బాగా ముసలితనం వచ్చాక, పండిన పత్తికాయలా నెమ్మదిగా విచ్చుకుని పోయారు. మిరపకాయలు లేనప్పుడు కూడా దగ్గేదెవరన్న ప్రశ్న మాత్రం మా ఊళ్ళో నిలిచిపోయింది. ఇప్పుడు నా దగ్గర భజన నేర్చుకునే పిల్లల తల్లులు కూడా అడుగుతారు. ఈనాటి పిల్లలకు మాత్రలు నీళ్ళలో కరిగిపోతాయట, పళ్ళ వాసన కూడా వస్తాయట, రోజూ వేస్తారట. మంచిదే. రాముడి దయకు మందుల షాపు దారి కూడా తెలుసునని నేను నమ్ముతాను. కానీ ఎదురుగా కూర్చుని గురువు నోట్లోకి తొంగి చూసే అదృష్టం వాళ్ళకు లేదు.

తెనాలి దుకాణంలో ఆ పేపరు మీది మాత్రలను వేలితో పక్కకు జరిపి లెక్కపెట్టాను. తెల్లవి చీమలకో ఎలకలకో ప్రసాదమై ఉంటాయి, పొడే మిగిలింది. ఎర్రవి కరగలేదు. ఒకటి, రెండు, మూడు. నావి మూడే. పేపరు మీద ఐదున్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను, ఐదే. మొదటి రెండు ఏకాదశులు గురువుగారికీ ఉపవాసమే. కళ్ళు మూసుకుని పదకొండు రామనామాలు. లేని రెండు దవడ పళ్ళ సందు. పలక చంకన పెట్టుకుని అమరావతి వెళ్ళి, ఏ పండితుణ్ణి అడిగి వచ్చారో గానీ, ఆయన శాస్త్రం తెలుసుకున్నారు, తాను మింగారు, నాకు చెప్పలేకపోయారు. చెప్పాలంటే ఎందుకు అడిగారో చెప్పాలి. ఆ మూడో మాత్ర పాపంలో నాకు సగమే వాటా అని ఇన్నేళ్ళకు తేలింది. నా చెవులు ఆ రోజు ఎందుకు బతికిపోయాయో కూడా.

“ఏమ్మా, ఎందుకు నవ్వుతున్నారు? ఇవి పారెయ్యనా?” అన్నాడు ఆయన, పేపరు ఎత్తుతూ. ఒక మాత్ర అంచు మీంచి జారి, నేల మీద దొర్లి, నా కాళ్ళ దగ్గర ఆగింది.

“ఉండండి, నేను తీస్తాను” అని వంగి తీశాను.